ఈతపోటీలు - దుస్తుల నియమాలు

ప్రవేశిక

క్రీడలలో గెలుపోటములను నిర్ణయించేవి క్రీడాకారుని శక్తిసామర్థ్యాలేనని లోకం నమ్ముతుంది. ఆ నమ్మకం నిలవాలంటే నియమం స్పష్టంగా ఉండాలి. నియమావళిలోని ఒక్క మాటకు హద్దు నిర్ణయించకపోవడం వల్ల 2008, 2009 సంవత్సరాలలో ప్రపంచ ఈతపోటీలు ఎంతటి వివాదానికి లోనయ్యాయో, కొలతలతో కూడిన కొత్త నియమం దానిని ఏ విధంగా సరిదిద్దిందో ఈ పాఠం వివరిస్తుంది. విషయాన్ని సుబోధం చేయడానికి కొల్లేటి నీటిపక్షులను, తాటిదోనెలను ఉదాహరణలుగా గ్రహించడం జరిగింది.

పాఠ్యభాగం

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, ఏలూరు పట్టణానికి దక్షిణంగా విస్తరించిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు తెచ్చే నీటిని ఇది తనలో నిలుపుకొంటుంది. మిక్కిలిగా చేరిన నీటిని ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పంపుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడి, 2002లో రామ్సర్ చిత్తడినేలల జాబితాలో చేరిన ఈ జలాశయం పక్షులకు ఆటపట్టు. ఈతను గురించి తెలుసుకోదలచిన విద్యార్థికి ఇక్కడి పక్షులే తొలి పాఠం చెప్పగలవు.

కైకలూరు సమీపంలోని ఆటపాక వద్ద గూడబాతులు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. గూడబాతు పెద్ద పక్షి. అయినా నీటిపై బెండు వలె తేలుతుంది. దాని చర్మం కింద ఉండే గాలితిత్తులే అందుకు ముఖ్యకారణం. అయితే తేలడం తేలికైన ఆ పక్షికి మునగడం సాధ్యం కాదు. ముక్కు సంచిని నీటిలోకి చాచి, పైపై నీటిలోని చేపలనే అది పట్టుకొంటుంది. నీటికాకి తీరు వేరు. దాని ఈకలు నీటికి తడుస్తాయి. ఈకల నడుమ నిలిచే గాలి తగ్గిపోతుంది. అందువల్ల అది సులభంగా మునిగి, చేపను వెంటాడి పట్టగలుగుతుంది. వేట ముగిసిన తరువాత గట్టుపైనో మోడుపైనో వాలి, రెక్కలు విప్పి ఆరబెట్టుకోక తప్పదు. పైనున్న కప్పు తడుస్తుందా లేదా, అందులో గాలి ఎంత నిలుస్తుంది అనే రెండు విషయాలపై నీటిలో ప్రాణి నడక ఆధారపడి ఉంటుందని ఈ రెండు పక్షులూ తెలుపుతున్నాయి.

రెండవ పాఠం తాటిదోనె చెబుతుంది. తాటిమానును తొలిచి చేసిన సన్నని దోనెను గడవేసి మొనవైపు తోస్తే అది నీటిని చీల్చుకొని సాగుతుంది. దానినే అడ్డంగా తోయబోతే ఎంత బలవంతుడికైనా చేతులు నొప్పెడతాయి. దోనె అదే, నీరు అదే. నీటికి ఎదురయ్యే వైశాల్యం మాత్రమే మారింది. ముందుకు సాగే వస్తువును నీరు వెనుకకు నెట్టే ఈ గుణాన్ని నిరోధం అంటారు. నీటి సాంద్రత గాలి సాంద్రత కంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. అందువల్ల నేలపై పరుగెత్తేవానికి అంతగా తెలియని ఈ నిరోధం ఈతగానికి ప్రధాన ప్రత్యర్థి అవుతుంది. వేగం రెట్టింపయితే నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది.

ఈతగాడు అలసినప్పుడు అతని నడుము, కాళ్ళు కిందికి జారుతాయి. అంతవరకు మొనవైపు సాగిన దోనె కొంచెం అడ్డం తిరిగినట్లవుతుంది. కండరాలు కదలడం వల్ల, నీరు చర్మాన్ని ఒరుసుకోవడం వల్ల కూడా కొంత వేగం తగ్గుతుంది. కాబట్టి శరీరాన్ని బిగించి ఉంచి, నీటిని పీల్చక, కొంత గాలిని నిలిపి పైకి తేల్చే వస్త్రం దొరికితే అలసట ఫలితం తగ్గుతుంది. ఇరవై ఒకటవ శతాబ్ది తొలి దశాబ్దంలో ఈతదుస్తుల తయారీదారులు సాధించినది ఇదే.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే కొంత వెనుకకు చూడాలి. 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో ఈతపోటీలకు కొలను లేదు. పోటీలు సముద్రపు నీటిలో జరిగాయి. 100 మీటర్ల పోటీలో గెలిచిన హంగేరీ యువకుడు ఆల్ఫ్రెడ్ హాయోష్ 1200 మీటర్ల పోటీకి దిగేముందు చలికి తట్టుకోవడానికి ఒంటినిండా కొవ్వు పూసుకొన్నాడు. అప్పటి ఉన్ని దుస్తులు నీటిని పీల్చి బరువెక్కేవి. తరువాత పట్టు, నైలాన్, సాగే గుణం గల లైక్రా వరుసగా వచ్చాయి. వస్త్రం తేలికవుతూ, పలుచనవుతూ, పొట్టిదవుతూ వచ్చింది. ఒంటిపై బట్ట ఎంత తక్కువగా ఉంటే అంత మేలని ఈతగాళ్ళు భావించిన కాలమది. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఆ భావన తలకిందులైంది. మెడ నుండి చీలమండల వరకు ఒంటిని కప్పే దుస్తులు కొలనులోకి వచ్చాయి.

ఇక్కడే మాట అర్థం గురించిన చిక్కు పుట్టింది. అంతర్జాతీయ ఈత సమాఖ్య 1908లో లండనులో ఏర్పడింది. ఫినా అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ సంస్థ నేడు వరల్డ్ ఆక్వాటిక్స్ అని వ్యవహరింపబడుతున్నది. పోటీలో వేగానికి గాని, తేలడానికి గాని, ఓర్పుకు గాని తోడ్పడే సాధనం ఏదీ వాడరాదన్న నియమం ఆ సంస్థ నియమావళిలో ముందునుండీ ఉన్నది. కాళ్ళకు తగిలించుకొనే రెక్కలను, వేళ్ళ నడుమ పొర ఉన్న చేతితొడుగులను ఎవరూ సమర్థించలేదు. అవి సాధనాలని చూడగానే తెలుస్తుంది. మరి ఒంటిమీది బట్ట సంగతి ఏమిటి? మానాన్ని కాపాడినంతవరకు అది దుస్తువు. వేగాన్ని పెంచడం మొదలుపెడితే అది సాధనం కాదా? ఆస్ట్రేలియా ఒలింపిక్ సంఘం 2000లో ఈ విషయంపై క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం అభిప్రాయం కోరింది. ఆ దుస్తులను అనుమతిస్తూ ఫినా తీసుకొన్న నిర్ణయం చెల్లుతుందని న్యాయస్థానం తెలిపింది. దుస్తువు ఎక్కడ ముగిసి సాధనం ఎక్కడ మొదలవుతుందో కొలిచి చెప్పే నియమం మాత్రం అప్పటికి రాలేదు.

ఆ లోపం ఫలితం ఎనిమిదేళ్ళకు బయటపడింది. 2008 ఫిబ్రవరిలో స్పీడో సంస్థ ఎల్.జెడ్.ఆర్. రేసర్ అనే దుస్తువును విడుదల చేసింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన గాలి సొరంగంలో అనేక వస్త్రాలను పరీక్షించి దీనికి తగిన బట్టను ఎంపిక చేశారు. అతుకుల వద్ద కుట్టు లేదు. అతిధ్వని తరంగాలతో అంచులను అతికించారు. నీటిని పీల్చని పాలీయురేథేన్ పలకలను ముఖ్యమైన చోట్ల అమర్చారు. ఇది శరీరాన్ని ఎంత బిగించేదంటే తొడుక్కోవడానికే సుమారు అరగంట పట్టేది. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈతలో నెలకొన్న 25 ప్రపంచ రికార్డులలో 23 ఈ దుస్తులు ధరించినవారివే. వేరే సంస్థలతో ఒప్పందం ఉన్న జపాన్ సమాఖ్య సైతం తన ఈతగాళ్ళకు దీనిని ధరించే స్వేచ్ఛ ఇవ్వవలసి వచ్చింది.

మరుసటి ఏడాది ఇతర సంస్థలు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. పలకలకు బదులు దుస్తువంతా పాలీయురేథేన్‌తోనే తయారైంది. 2009 జూలై, ఆగస్టు నెలలలో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. వాటిలో 200 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీ ప్రత్యేకంగా గమనింపదగినది. బీజింగ్‌లో 1 నిమిషం 46.00 సెకన్లతో అయిదవ స్థానంలో నిలిచిన జర్మనీ ఈతగాడు పాల్ బీడర్మన్ రోమ్‌లో 1 నిమిషం 42.00 సెకన్లలో గమ్యం చేరాడు. బీజింగ్‌లో ఎనిమిది స్వర్ణపతకాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్ అతని వెనుక మిగిలాడు. ఫెల్ప్స్ ధరించినది అంతకు ముందటి ఏడాది దుస్తువు. బీడర్మన్ ధరించినది కొత్తది. ఈ దుస్తులను నిషేధించేవరకు ఫెల్ప్స్‌ను అంతర్జాతీయ పోటీలకు పంపకపోవచ్చునని అతని శిక్షకుడు బాబ్ బోమన్ హెచ్చరించాడు. బీడర్మన్ తన విజయంలో దుస్తువుకు భాగం ఉన్నదని దాచక ఒప్పుకొన్నాడు. ఆ దుస్తులు లేకుండానే ఫెల్ప్స్‌ను గెలిచే రోజు రావాలని కోరుకొన్నాడు.

ఆ కోరికలోనే ఈ సమస్య సారమంతా ఉన్నది. ఓడినవాడు దుస్తువును నిందించడం సహజం. గెలిచినవాడు సైతం తన గెలుపులో తన పాలెంతో చెప్పలేకపోవడం విషాదం. ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు, ఆ సాధనను కొలిచే గడియారాన్ని నమ్మలేని స్థితిలో పడ్డాడు. బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై పోటీలో ఫెల్ప్స్‌కు, సెర్బియా ఈతగాడు మిలొరాద్ చావిచ్‌కు మధ్య తేడా సెకనులో నూరవ వంతు మాత్రమే. గెలుపోటములను అంత చిన్న వ్యవధి నిర్ణయించే క్రీడలో సెకన్ల కొద్దీ లాభం చేకూర్చే వస్తువును దుస్తువని పిలిచి ఊరుకోవడం కుదరదు.

2009 జూలైలో రోమ్‌లోనే సమావేశమైన ఫినా మహాసభ 168 అనుకూల ఓట్లతో, 6 వ్యతిరేక ఓట్లతో నేతవస్త్రాలకే అనుమతి పరిమితం కావాలని తీర్మానించింది. కొత్త నియమాలు 2010 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. కొలను పోటీలలో పురుషుల దుస్తువు నాభికి పైకి గాని, మోకాలికి కిందికి గాని పోరాదు. స్త్రీల దుస్తువు మెడను కప్పరాదు, భుజాలను దాటరాదు, మోకాలికి కిందికి పోరాదు. ఒకే దుస్తువు ధరించాలి. ఒకదానిపై మరొకటి తొడగరాదు. జిప్పులు ఉండరాదు. వస్త్రం మందం 0.8 మిల్లీమీటర్లకు మించరాదు. ప్రతి నమూనా ముందుగా సమాఖ్య పరీక్షలో నెగ్గి, ఆమోదముద్ర పొందాలి.

పరీక్షలలో రెండింటిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మొదటిది తేల్చే బలం. అది 0.5 న్యూటన్లకు మించరాదు. అంటే సుమారు 51 గ్రాముల వస్తువు బరువు. ఇంచుమించు ఒక కోడిగుడ్డు బరువు. అంతకు మించి శరీరాన్ని పైకెత్తే దుస్తువు పోటీకి పనికిరాదు. గూడబాతు గాలితిత్తుల పని దుస్తువు చేయరాదన్నది దీని భావం. రెండవది గాలి దూరే గుణం. చదరపు మీటరు వస్త్రం గుండా సెకనుకు 80 లీటర్లకు పైగా గాలి ప్రసరించాలి. గాలిని లోపల బంధించే పొరలకు దీనితో అడ్డుకట్ట పడింది. నీటికాకి ఈకల వలె దుస్తువు కూడా గాలిని వదలక తప్పని స్థితి ఏర్పడింది. సాధనం, దుస్తువు అనే రెండు మాటల మధ్య ఉన్న హద్దును పండితచర్చ నిర్ణయించలేకపోయిన చోట ఈ అంకెలు నిర్ణయించాయి.

కొలను పోటీలు ఇంత ఆలస్యంగా నేర్చుకొన్న పాఠం సముద్రపు ఈతకు ఏనాడో తెలుసు. ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదేవారు సంప్రదాయ నియమం ప్రకారం చేతులు, కాళ్ళు కప్పని సాధారణ దుస్తువే ధరించాలి. వెచ్చదనాన్ని నిలిపే, తేలడానికి తోడ్పడే వస్త్రం వాడరాదు. ఒంటికి కొవ్వు పూసుకోవచ్చు. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా ఆ జలసంధిని ఈది భారతదేశానికి కీర్తి తెచ్చారు. సముద్రాన్ని ఈదిన తెలుగువారూ ఉన్నారు. సామర్లకోటలో జన్మించిన గోలి శ్యామల నలభై ఏళ్ళు దాటిన తరువాత ఈత నేర్చుకొని, 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ నుండి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈది దాటారు. ఇటువంటి సాహసాలను విన్నప్పుడు మనస్సు ఆ మనిషి ఓర్పునే తలచుకొంటుంది. దుస్తువు ఏ సంస్థదని అడగదు. నియమం కాపాడదలచినది ఆ భావాన్నే.

నియమం వెనుక సమానత్వపు ప్రశ్న కూడా ఉన్నది. 2008 నాటి ఆ దుస్తువు ఖరీదు సుమారు 500 డాలర్లు. అప్పటి మారకపు విలువలో ఇరవైవేల రూపాయలకు పైమాట. కొద్ది పోటీలకే అది వదులై పనికిరాకుండాపోయేది. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే కాలువలో మామూలు నిక్కరుతో ఈత నేర్చిన ఒక విద్యార్థిని ఊహించండి. అతడు ఉదయం, సాయంత్రం సాధన చేసి రాష్ట్రస్థాయి పోటీకి వెళ్ళాడనుకొందాం. పక్క వరుసలోని పోటీదారు కండబలంలో, నేర్పులో తనకంటే ఎక్కువైతే ఆ ఓటమిని అతడు గౌరవంగా స్వీకరించగలడు. మరుసటి ఏడాదికి మరింత శ్రమించగలడు. ఎదుటివాడు ధరించిన బట్ట వల్ల ఓడితే అతడు చేయగలిగినది ఏమున్నది? శ్రమతో పూడ్చలేని లోటు పోటీకే అర్థం లేకుండా చేస్తుంది. 0.8 మిల్లీమీటర్లు, 0.5 న్యూటన్లు అనే అంకెలు ఎక్కడో దూరదేశపు విజేతలకే సంబంధించినవి కావు. ఆ కాలువగట్టు విద్యార్థి ఆశకు సైతం అవి రక్షణరేఖలు.

నిషేధానికి ఆక్షేపణలు లేకపోలేదు. విజ్ఞానం పెరగకుండా ఆపడం తగునా అని కొందరు ప్రశ్నించారు. కొలను లోతు, అలలను అణచే తాళ్ళు, ఈత కళ్ళద్దాలు విజ్ఞానఫలాలు కావా అన్నారు. ఈ ఆక్షేపణలో కొంత సత్యమున్నది. అయితే లోతైన కొలను, అలలను అణచే తాడు ఆ నీటిలో దిగిన అందరికీ సమానంగా మేలు చేస్తాయి. కళ్ళద్దాలు చూపును కాపాడుతాయే గాని శరీరాన్ని పైకెత్తవు. నియమం నిరాకరించినది, ఒకరికి దక్కి మరొకరికి దక్కని వేగాన్ని. మరొక ఆక్షేపణ మరింత గట్టిది. 2009 నాటి రికార్డులను సమాఖ్య రద్దు చేయలేదు. ఆ దుస్తులు లేని కొత్త తరం, ఆ దుస్తులతో సాధించిన కాలాలతో పోటీపడవలసి వచ్చింది. బీడర్మన్ రోమ్‌లో నెలకొల్పిన 400 మీటర్ల ఫ్రీస్టైల్ రికార్డు 2025 ఏప్రిల్ వరకు చెక్కుచెదరలేదు. దానిని చెరిపినవాడు కూడా జర్మనీ ఈతగాడే, లూకాస్ మెర్టెన్స్.

నియమం సైతం పొరబడవచ్చునని గుర్తించడం విజ్ఞుల లక్షణం. ఒత్తైన ఉంగరాల జుట్టు గలవారి కోసం తయారైన సోల్ క్యాప్ అనే టోపీకి 2021 టోక్యో ఒలింపిక్స్‌కు ముందు ఫినా అనుమతి నిరాకరించింది. ఆఫ్రికా మూలాలు గల ఈతగాళ్ళకు అది అన్యాయమని విమర్శలు వచ్చాయి. సమాఖ్య పునరాలోచించి 2022 సెప్టెంబరులో ఆ టోపీని ఆమోదించింది. వేగాన్ని కొనుక్కొనే దారిని మూయడం ఎంత ధర్మమో, కొలనులోకి వచ్చే దారిని తెరచి ఉంచడం కూడా అంతే ధర్మం.

2009లో రోమ్ కొలనులో బ్రెజిల్ ఈతగాడు సెసార్ సియెలో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.91 సెకన్లలో ఈదాడు. పాలీయురేథేన్ దుస్తుల కాలపు ఆ రికార్డు పదమూడేళ్ళు నిలిచింది. మానవశక్తితో మాత్రమే దానిని దాటడం సాధ్యమేనా అని పలువురు సందేహించారు. 2022 ఆగస్టు 13న, అదే రోమ్‌లో, అదే కొలనులో రుమేనియా యువకుడు దావిద్ పొపోవిచి ఆ దూరాన్ని 46.86 సెకన్లలో పూర్తిచేశాడు. అతడు ధరించినది నడుము నుండి మోకాళ్ళ వరకు ఉండే నేతవస్త్రం. అప్పటికి అతని వయస్సు 17 సంవత్సరాలు. జూనియర్ కళాశాల విద్యార్థి వయస్సు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ ఝాన్‌లె ఆ కాలాన్ని 46.40 సెకన్లకు తగ్గించాడు.

నియమం వల్ల ఈత వెనుకబడుతుందని భయపడినవారికి ఆ కొలనే సమాధానమైంది. నీటిలో దూకిన తీరు, మలుపు వద్ద గోడను తన్నే నేర్పు, శ్వాసను అదుపులో ఉంచడం, చేతి బారను సరిదిద్దుకోవడం అనే పాత దారులే కొత్త వేగానికి తోడ్పడ్డాయి. ఆ దారులు ధనంతో కొనదగినవి కావు. గురువు వద్ద, నీటి వద్ద నేర్చుకోవలసినవి. గడియారం చూపే కాలం ఎవరిదని అడిగితే, ఈదినవాడు సంకోచం లేకుండా తనదేనని చెప్పుకోగలగాలి. ఆ మాట చెప్పుకొనే హక్కును కాపాడటమే ఈతదుస్తుల నియమానికి ఏకైక ప్రయోజనం.

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఈతదుస్తుల విషయంలో 2008, 2009 సంవత్సరాలలో తలెత్తిన వివాదాన్ని వివరించండి.
2. 2010 నుండి అమలులోకి వచ్చిన నియమాలను పేర్కొని, వాటి వెనుక ఉన్న న్యాయాన్ని సమర్థించండి లేదా విమర్శించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గూడబాతు, నీటికాకి ఈతదుస్తుల నియమాన్ని బోధపరచడానికి ఎట్లా ఉపకరించాయి?
2. 'దుస్తువు', 'సాధనం' అనే మాటల మధ్య ఏర్పడిన చిక్కు ఏమిటి?
3. పొపోవిచి విజయానికి ఈ పాఠంలో గల ప్రాధాన్యం తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కొల్లేటి మిగులు నీరు ఏ ఏటి ద్వారా సముద్రాన్ని చేరుతుంది?
2. ఈతదుస్తువు తేల్చే బలం ఎంతకు మించరాదు?
3. పాక్ జలసంధిని ఈదిన తెలుగు మహిళ ఎవరు?

భాషాంశాలు

సంధులు
జలాశయం = జల + ఆశయం - సవర్ణదీర్ఘ సంధి
ఏకైక = ఏక + ఏక - వృద్ధి సంధి

సమాసాలు
తాటిదోనె - తాటితో చేసిన దోనె - తృతీయా తత్పురుష సమాసం
ఈతదుస్తులు - ఈత కొరకు దుస్తులు - చతుర్థీ తత్పురుష సమాసం
గెలుపోటములు - గెలుపును, ఓటమియు - ద్వంద్వ సమాసం